మొలతాడు తీసి తూచిన రోజు

మా పాపకు ఇంకా ఏడాది నిండలేదు. గుండెలో రంధ్రం ఉంది. పాలు తాగుతూ తాగుతూ ఆగిపోతుంది, నుదుటి మీద చెమట పోస్తుంది. ఏడిస్తే పెదవులు నీలమైపోతాయి. అందుకని మా ఇంట్లో దాన్ని ఎవరూ ఏడవనివ్వరు. రాత్రిళ్ళు దాని ఊపిరి వింటూ ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేట్టుంది. అందుకే రాస్తున్నాను.

రంధ్రం సంగతి మొదట చెప్పింది మదనపల్లెలో పిల్లల డాక్టరు. చాలాసేపు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, "వాళ్ళ నాయన మిలిటరీలో కదమ్మా ఉండేది? మిలిటరీ ఆసుపత్రికే తీసుకుపోండి, ఆలస్యం చెయ్యొద్దు" అన్నాడు. మా ఆయన సరిహద్దులో ఉన్నాడు. సిగ్నల్ దొరికినప్పుడే మాట్లాడతాడు. పుంగనూరు ఇంట్లో ఉండేది నేను, అత్త, పాప.

మా పుట్టిల్లు కుప్పం. అక్కడ రైలెక్కితే ఆ ఆసుపత్రికి పోవచ్చు. మొదటిసారి పోయినప్పుడు అన్ని పరీక్షలూ చేసి ఒకే మాట చెప్పారు. ఆపరేషన్ చేయాలి, కానీ ఇంత తక్కువ బరువులో మత్తు తట్టుకోలేదు, ఆరు కిలోలు దాటించి తీసుకురండి అని. ఆ రోజు నుంచి నాకు వేరే లోకం లేదు. చెంచాతో పాలు, చెంచాతో రాగి జావ. సగం కక్కేస్తుంది. మళ్ళీ మొదలుపెడతాను.

రెండోసారి పోయేటప్పుడు ముందురోజు కుప్పంలో ఆగాం. మా అమ్మ బీరువా తెరిచి వెండి తీసింది. మా అవ్వ కాలం నాటి కడియాలు, చేతులకు మురుగులు, లావుపాటి మొలతాడు. "ఆపరేషనుకు పోయే బిడ్డ బోసిగా పోకూడదు" అని అన్నీ తొడిగింది. మా అత్త కూడా తృప్తిగా చూసింది. పైన గౌను, ఆ పైన స్వెట్టరు. ఆసుపత్రిలో సిస్టరు పాపను అట్లాగే తూచి, బట్టలకు కొంచెం తీసేసి, ఆరు దాటిందని నవ్వుతూ చెప్పింది. నేను అక్కడే ఏడ్చేశాను. ఆపరేషన్‌కు రోజు ఖాయం చేశారు. ఫోనులో చెబితే మా ఆయన చాలా రోజుల తర్వాత నవ్వాడు.

ఆపరేషన్‌కు ముందురోజు ఆసుపత్రి పెద్ద రౌండ్లకు వస్తున్నాడన్నారు. కమాండెంట్. బ్రిగేడియర్ హోదా ఉన్న డాక్టరు. ఉదయం నుంచీ వార్డంతా తుడిచిందే తుడిచారు, దుప్పట్లు మడత నలగకుండా పరిచారు.

"పెండ్లిసూపులకు సర్దినట్ల సర్దతాండారే" అంది అత్త. "ఇంతకీ పెండ్లికూతురు ఎవురమ్మా, నువ్వా నేనా?"

పక్క మంచం దగ్గరున్న జవాను భార్య నాకు జాగ్రత్తలు చెప్పింది. ఏదైనా ఇబ్బందా అని ఆయన అడుగుతాడు, ఏమీ లేదు సార్ అనాలి, అంతే. ఇంకో మాట అంటే మొగుడి పేరు మీద ఫిర్యాదు యూనిట్‌కు పోతుంది. ఆయన వచ్చాడు. ఒక్కో మంచం దగ్గరా అదే ప్రశ్న, అదే జవాబు. మా మంచం దగ్గరికి రాగానే అత్త నా వీపు మీద పొడిచింది.

"అడగమ్మా. సదువుకున్న దానివి గదా."

"ఏమని?"

"బిడ్డకు ఏమీ గాదు గదా అని. ఈడ ఇంక ఆయప్ప కంటే పెద్దోళ్ళు యాడుండారు?"

ఇంగ్లీషులో అడిగేశాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది. వెనకనున్న ఆఫీసర్లు నన్ను చూశారు. ఆయన వంగి పాపను ఎత్తుకున్నాడు. ఎత్తుకోగానే కడియాలు గల్లుమన్నాయి. ఆయన చూపు కాళ్ళ మీద పడింది. గౌను పైకెత్తి మొలతాడు చూశాడు.

"తూచినప్పుడు ఇవన్నీ ఉన్నాయా?"

ఉన్నాయి సార్, అన్నాను. నాకు ఇంకా అర్థం కాలేదు. సిస్టరుకు అర్థమైంది. ఆమె ముఖంలో నెత్తురు లేదు.

కడియాలు సబ్బు రాసి తీయాల్సి వచ్చింది. పాప ఏడుపు మొదలుపెట్టింది.

"యాల తీస్తాండారు? రేపు ఆపరేషను పెట్టుకోని బిడ్డను బోసి చేస్తాండారే!" అని అత్త అడ్డం వచ్చింది. నేనే ఆమె చేతులు పట్టుకున్నాను. ఆయన పోకుండా తూకం దగ్గరే నిలబడ్డాడు. ముల్లు ఆరుకు చాలా కిందనే ఆగిపోయింది. పెరిగిందని మేం పండగ చేసుకున్న బరువులో ముప్పావు వంతు మా అమ్మ వెండి.

ఆయన సిస్టరును కోప్పడలేదు. "తప్పు వీళ్ళది కాదు. ఎట్లా తూచాలో తెలియాల్సింది మనకు. ఇకనుంచి ఈ ఆసుపత్రిలో పిల్లల్ని ఒంటిమీద నూలుపోగు లేకుండా తూచాలి" అన్నాడు. తర్వాత నాతో, "మత్తుమందు బరువును బట్టి ఇస్తారమ్మా. ఈ బరువులో నేను పంపలేను. ఆరు దాటిన రోజు తీసుకురండి. మంచం ఉంటుంది. నాదీ మాట."

"ఈలోగా ఏమైనా అయితే?"

"అయితే వెంటనే తీసుకురండి. అప్పుడు బరువు చూడం. కానీ అప్పుడు మా చేతుల్లో ఉండేది చాలా తక్కువ."

నేను అడగకపోయి ఉంటే తెల్లారి పాపను లోపలికి తీసుకుపోయేవాళ్ళు. ఆ తర్వాతి సంగతి ఆలోచించను. ఆలోచించకుండా ఉండలేను.

తిరుగు రైలులో అత్త వెండినంతా చేతిరుమాలులో కట్టి ఒళ్ళో పెట్టుకుంది. "ఎత్తుకుంటే బరువుగా ఉండాది అని ఎంత మురిసిపోతినమ్మా" అంది ఒకసారి. కుప్పం స్టేషన్లో మా అమ్మ పాప ఉత్తకాళ్ళు చూసి, ఎందుకని అడగకుండానే ఏడ్చింది.

ఇప్పుడు వారానికొకసారి అంగన్‌వాడీలో తూపిస్తున్నాం. ఇంతకుముందు ఎవరైనా బిడ్డ బొద్దుగా ఉందంటేనే అత్త దిష్టి తీసేది. బరువు పైకి చెప్పనిచ్చేది కాదు. ఇప్పుడు తానే పాప నడుముకున్న నల్లదారం విప్పుతుంది. "దారం గూడా ఉండకూడదు. దొంగ బరువు మనకొద్దు" అంటుంది. ముల్లు కుదురుకోకముందే "ఎంత ఉండాది?" అని నా ముఖంలోకి చూస్తుంది. పోయిన వారం జలుబు చేసి, పెరగకపోగా కొంచెం తగ్గింది.

నిన్న మా ఆయన ఫోన్ చేశాడు. ఆ కమాండెంట్‌కు వేరే చోటికి పోస్టింగ్ వచ్చిందట.

"మరి ఆయన ఇచ్చిన మాట?"

"మాట కుర్చీది. కుర్చీ ఆడనే ఉండాది. కొత్తాయన ఉంటాడు."

"నువ్వు నమ్ముతాండావా?"

ఫోనులో గాలి హోరు. "నమ్మకుంటే నేను ఈడ నిలబడేదెట్ల?" అన్నాడు.

నేను మాత్రం నమ్మలేకపోతున్నాను. పాపను ఎత్తుకుని కడియాల చప్పుడు విన్నది ఆ మనిషి, కుర్చీ కాదు. కొత్తాయన మా మంచం దగ్గర ఆగుతాడో లేదో. అసలు ఆ మంచం దాకా పాప చేరుతుందో లేదో.

రేపు తూకం. అత్త సాయంత్రమే నల్లదారం విప్పి మేకుకు తగిలించింది. పొద్దుగూకినప్పటి నుంచి పాప రెండుసార్లు పాలు సగంలో వదిలేసింది. ఇప్పుడు కదులుతోంది. ఏడుపు మొదలుకాకముందే ఇంకోసారి పట్టాలి.