బొట్టు పెట్టిన గాజుగొట్టం

ఈ ఉదయం బాత్రూమ్ కడుగుదామని యాసిడ్ సీసా మూత తీశాను. ముక్కు మండించే ఆ వాసనకు మా ఇంట్లో వాళ్లందరూ తలో గదిలోకి పారిపోతారు. నేను మాత్రం కాసేపు అక్కడే నిలబడతాను. నాకది రత్నకుమారి మేడమ్ వాసన. ఈ మాట ఆవిడ బతికుండగా అని ఉంటే, నవ్వుతూనే చీర కొంగు వాసన చూసుకునేవారు.

మేడమ్‌ది యానాం దగ్గరి ఫరంపేట. యానాంలో నేను చదివిన కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు. ఆదివారం చర్చిలో పాడే గొంతుతోనే సోమవారం టంగ్‌స్టన్ గురించి చెప్పేవారు. బల్బులో తీగగా మనకు తెలిసిన ఆ లోహాన్ని బాగా వేడిచేసి, దాని మీదుగా క్లోరిన్ పంపితే ముదురు నీలం స్ఫటికాలు వస్తాయి. ఒక్కో టంగ్‌స్టన్‌కు ఆరు క్లోరిన్లు. తన పరిశోధన రోజుల్లో స్వయంగా చేసి, గాజుగొట్టంలో పోసి, మూతి కరిగించి మూసి దాచుకున్నది ఒక్కటే మిగిలితే, దాన్ని నా ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఇచ్చేశారు. యాంటిమొనీ పొడితో అందులోంచి రెండు క్లోరిన్లను లాగేసి నాలుగు మిగల్చడం నా పని. "ఆరుగురున్న ఇంట్లోంచి ఇద్దర్ని మర్యాదగా పంపాలమ్మా. తరిమేవనుకో, మిగిలినోళ్లూ ఉండరు" అన్నారు. మళ్లీ చేసుకునే సదుపాయం మా లాబ్‌లో లేదు. అది పాడైతే నాకు ఏడాది పోయినట్టే.

ఆ నీలానికి తడి గిట్టదు; తగిలితే యాసిడ్ వాసన కక్కి ఎర్రబడుతుంది. గోదావరి గాలికి ఉప్పు డబ్బా కూడా చెమర్చే ఊరు మాది, ఇక దాని సంగతి చెప్పాలా. గాజుసామానంతా సీలు విప్పే ముందురోజే ఓవెన్‌లో ఎండబెట్టాను. దసరా సెలవులకు ముందు లాబ్‌లో ఆయుధపూజ చేస్తారు. మర్నాడు ఆ పూజే. పొద్దున్న వచ్చేసరికి మా అటెండర్ సత్తిబాబుగారు నా గాజుగొట్టాలను బయటికి తీసి, కుంకుమ బొట్లు పెట్టి, బల్ల మీద వరసగా పేర్చారు. చూసి ముచ్చటపడ్డాను. బొట్టుకు ముందు స్నానం ఉంటుందని నా చదువుకున్న బుర్రకు తట్టలేదు.

లోపలి గాలిని పొడిగా ఉంచే అద్దాల అరలో, మేడమ్ పక్కనుండగా, సీలు విరిచి స్ఫటికాలను ఒక బొట్టు గొట్టంలోకి మార్చాను. యాసిడ్ వాసన గుప్పుమంది. చూస్తుండగానే నీలం మధ్య ఎర్రటి నలుసులు తేలాయి. తడి తగిలిందన్నమాట. నా ఒళ్లు మండిపోయింది.

"వీటిని కడిగారా?" అన్నాను సత్తిబాబుగారి వైపు తిరిగి.

"కడక్కుండా బొట్టెలా పెడతానండి? పసుపునీళ్లతో కడిగి, శుభ్రంగా తువ్వాలుతో తుడిచేనండి."

నా మొహం చూశాక ఆయనకు విషయం అర్థమైంది. చేతిలో కొబ్బరిచిప్ప అలాగే ఉండిపోయింది. నేను ఇంకో మాట అనబోయేలోపు మేడమ్ స్టూలు లాగారు. "కూర్చో అమ్మాయ్. సత్తిబాబూ, మనందరికీ టీ తెత్తావా? నీక్కూడా తెచ్చుకో." పూజ గురించి గానీ, తడి గురించి గానీ ఒక్క మాట లేదు.

టీ తాగాక మేడమ్ గొట్టంలో గాలి లాగేసి, ఒక కొసను సన్నటి మంట మీద ఆడించసాగారు. "ఎర్రదానికి తొందరెక్కువ. ముందది లేచిపోద్ది. నీలం నిదానం మనిషి, ఉంటది." అన్నట్టే ఎరుపంతా మెల్లగా లేచి చల్లటి కొసన పేరుకుంది. నీలం కొంచెం తరిగింది, అయినా నా పనికి సరిపోయింది. సెలవుల తర్వాత చేసిన ప్రయోగంలో నాకు కావలసిన నల్లపొడి వచ్చింది. అది చూసి నాకన్నా ముందు కళ్లు తుడుచుకున్నది సత్తిబాబుగారే.

మరుసటేడు దసరాకు ఆయన పళ్లెం పట్టుకుని లాబ్ గుమ్మం దగ్గరే తచ్చాడుతుంటే, మేడమే లోపలికి పిలిచారు. "రావయ్యా, ఓవెన్ తలుపుకి పెట్టు బొట్టు. అన్నిట్నీ కాపాడేది అదేగా." ఆయన మొహం విప్పారింది. పరాయి మతపు పండగలో ఆయన పరువు కాపాడిన ఆ మనిషంటే నాకు అప్పటినుంచి గౌరవం కాదు, ప్రేమ.

ఇప్పుడు ఆ లాబ్ నా చేతిలో ఉంది. ఎవరో ఒకరు ఏదో ఒకటి పాడుచేస్తూనే ఉంటారు, నాకు కోపమూ వస్తూనే ఉంటుంది. ముందు స్టూలు లాగి, టీకి చెబుతాను. ఎరుపు లేచిపోవడానికి ఆ మాత్రం సమయం చాలు. సత్తిబాబుగారు రిటైరైనా ఏటా దసరాకు వస్తారు. పొడి కుంకుమ పొట్లం విప్పి, ముందుగా రెండు అరచేతులూ చాపి చూపిస్తారు.

"తడి లేదండి, చూసుకోండి."

నేను చూడను. పెట్టమంటాను.