నరకం మేస్త్రీ కనకరాజు

నాచారంలో దేవుణ్ణి పెట్టేవాళ్లు గల్లీకొకరు. నరకం పెట్టేవాడు మాత్రం ఒక్కడే, కనకరాజు. వినాయక చవితి వచ్చిందంటే మా గల్లీ మండపంలో గణపతి ఒక పక్క, కనకరాజు వేసిన నరకం సెట్టింగ్ ఒక పక్క. జనం గణపతికి ఒక దండం పారేసి నరకం వైపు తోసుకుపోయేవాళ్లు. ఈ సంగతి గణపతికి కూడా తెలుసనే అనుకుంటాను. ఏనాడూ ఏమీ అనలేదు మరి.

కనకరాజు పొట్టిగా, బక్కగా ఉంటాడు. ఇండస్ట్రియల్ ఏరియాలో ఇనుప బీరువాలు తయారుచేసే షెడ్డులో స్ప్రే పెయింటర్. ఏ రంగు బీరువాలు నడుస్తుంటే ఆ రంగు అతని చెవుల్లో, కనుబొమ్మల్లో ఉండేది. అతను రంగేసిన బీరువాలు హైదరాబాద్ అంతటా ఉన్నాయి. ఒక్కదాని మీద కూడా అతని పేరు లేదు. నరకం మీద మాత్రం ఉంటుంది. 'సెట్టింగ్: కనకరాజు' అని, యముడి తల కంటే పెద్ద అక్షరాలతో, చుట్టూ సీరియల్ బల్బులతో. మనిషి ఆ బోర్డు కోసమే ఏడాదంతా ముక్కులోకి రంగు పీల్చేవాడంటే అబద్ధం కాదు.

అప్పటికి నేను డిగ్రీ మధ్యలో వదిలేసి ఖాళీగా తిరుగుతున్నాను. ఖాళీగా ఉన్నాను కనక చిత్రగుప్తుడి గొంతు నాకిచ్చారు. యముడి గొంతు కనకరాజుదే. బకెట్‌లో తల పెట్టి మాట్లాడితే గొంతుకు గాంభీర్యం వస్తుందని అతని నమ్మకం. ఇద్దరం ఒకే బకెట్‌లో తలలు పెట్టి రికార్డు చేసేవాళ్లం.

పాపాత్ముల బొమ్మలు ఏఎస్ రావు నగర్ నుంచి వచ్చేవి. బట్టల షాపులు పారేసిన బొమ్మలను తెచ్చి, బట్టలిప్పి, నూనె మూకుట్లో నిలబెట్టేవాడు. అందరూ తెల్లగా, గులాబీ బుగ్గలతో ఉండేవాళ్లు. సలసల కాగుతూ కూడా పెళ్లిచీర చూపిస్తున్నట్టు నవ్వేవాళ్లు.

ఒక ఏడు ఉప్పల్‌లో ఎవరో మోటారు నరకం పెట్టారని తెలిసింది. రంపం కిందికి దిగుతుంది, మనిషి రెండు ముక్కలవుతాడు, రంపం పైకి పోతుంది, మనిషి మళ్లీ అతుక్కుంటాడు. ఇద్దరం స్కూటర్ మీద పోయి చూశాం. తిరిగొచ్చేటప్పుడు నాచారం చౌరస్తా దగ్గర కనకరాజు భారంగా అన్నాడు.

"మనకాడ రక్తం సాల్తలేదు తమ్మీ."

అప్పట్నుంచి రక్తమే రక్తం. సైకిల్ ట్యూబులు పేగులయ్యాయి. కూలర్ మోటారు పెట్టి ఒకడి మెడలోంచి రెడ్ ఆక్సైడ్ రంగు చిమ్మించాడు. మొదటి సాయంత్రమే ఆ రక్తం గురి తప్పి మహిపాల్ తెల్లచొక్కా మీద పడింది. మహిపాల్ మా యూత్ అసోసియేషన్ ప్రెసిడెంటు. ఇప్పుడు ఫ్యాక్టరీలున్న చోట ఒకప్పుడు వాళ్ల తాతల జొన్న చేలుండేవి. ఇప్పుడు ప్లాట్లు అమ్ముతాడు. తెల్లచొక్కా తప్ప తొడగడు. పిల్లలు ఒకటే నవ్వు. "అంకుల్, ఇంకోసారి! మహిపాలన్న మీదనే కొట్టున్రి!"

మహిపాల్ చొక్కా దులుపుకుంటూ కనకరాజును పక్కకు పిలిచాడు.

"కనకన్నా, నరకం జూసి పోరగాండ్లు నవ్వుతున్రు. ముసలోళ్లు బఠాణీలు నముల్తున్రు. ఎవనికన్న భయమున్నదా? వచ్చే యేడు మంచులింగం గుహ పెడ్దాం. కాంట్రాక్టరోడే అంత తెచ్చి పెట్టిపోతడు."

"ఒక్క యేడు ఆగు మహీ. జూపిస్త."

"ఆగుత. కని ఈసారి ఒక్కడు నవ్విండా, నీ బోర్డు నేనే పీకుత."

కనకరాజు ఆ ఏడాదంతా మొహం మాడ్చుకునే తిరిగాడు. చవితి దగ్గర పడుతుండగా ఖాళీ ప్లాట్‌లో పరదాలు కట్టి పని మొదలుపెట్టాడు. నన్ను పిలిచి పరదా తొలగించి చూపించాడు. నూనె మూకుట్లో పసిపాప. చేతులు పైకెత్తి ఉంది. ఒళ్లంతా బొబ్బలు, స్ప్రే గన్‌తో ఎంతో ఓపికగా వేసినవి.

"ఎవడు నవ్వుతడో నవ్వమను ఇప్పుడు" అన్నాడు.

నేను మొహం తిప్పేసుకున్నాను. అలా తిప్పించడమే గొప్పతనం అనుకున్నాను. అప్పట్లో నేను చదివే కథలూ అలాంటివే. పేజీకో శవం, పేరాకో బూతు. చదవడం అయ్యాక కాళ్లుచేతులు కడుక్కోవాలనిపిస్తే రచయిత మొనగాడని నా లెక్క.

అప్పుడే సూర్యకళ టిఫిన్ డబ్బా తెచ్చింది. కనకరాజు భార్య. బిస్కెట్ల ప్యాకింగ్‌లో పనిచేస్తుంది, మొగుడి కళ మీద ఆమెకు పెద్దగా గౌరవం లేదు. మూకుడు వైపు చూసి డబ్బా కింద పెట్టింది.

"గా పసిగుడ్డు ఏం జేసింది?"

"ఏం జెయ్యలే. భయం గావాలె గద?"

"నాకు భయం గాలే. నిన్ను చెప్పు తీస్కోని కొట్టాలనిపిచ్చింది."

"అంటె పని జేసింది!" కనకరాజు నా వైపు తిరిగి కన్నుగొట్టాడు.

"పని గాదు, గలీజ్" అంది సూర్యకళ. "ఇన్నేండ్ల సంది జూస్తున్న. నీ నరకంల అందరు ఏడనో ఉండెటోళ్లే. మన గల్లీవోడు ఒక్కడు గూడ లేడేంది?"

"మన గల్లీల గంత పాపం జేసినోడు ఎవడున్నడే?"

ఆమె డబ్బా అతని చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం నేను వాళ్లింట్లో అటుకులు తింటున్నాను. సీరియల్ మొదలైంది. సూర్యకళ టీవీ సౌండు పెంచింది. ఇంకా పెంచింది. చెవులు పగిలిపోతున్నాయి.

"ఏందే గా సౌండు?" అని అరిచాడు కనకరాజు.

"అలవాటైంది" అంది ఆమె. "గోడవతల పిల్ల పోయి రెండేండ్లాయె. అయినా తగ్గియ్యబుద్దయితలేదు."

కనకరాజు చేతిలో అటుకులు అలాగే ఉండిపోయాయి.

ఆ గోడ సంగతి గల్లీలో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. పక్క పోర్షన్‌లో దుర్గాభవాని అని ఒకామె అద్దెకుండేది. మొగుడు డీసీఎం వ్యాను డ్రైవరు. ఇంటికొచ్చిన ప్రతి సాయంత్రం, సరిగ్గా సీరియల్ వేళకు, ఆమెను కొట్టేవాడు. ఆమె గోడ తట్టేది. మొదట్లో ఒకరిద్దరు వెళ్లారు. "నా పెండ్లాం, నా ఇల్లు, మీకేంది?" అన్నాడు. తిరిగొచ్చేశారు. తర్వాత ఎవరికి వారు సౌండు పెంచుకోవడం నేర్చుకున్నారు. అన్ని ఇళ్లలో ఒకే సీరియల్ అంత గట్టిగా మోగితే, గల్లీలో నడిచిపోయేవాడికి ఒక్క డైలాగు కూడా తప్పిపోయేది కాదు. చివరికి ఒక పొద్దున ఆమె అన్న వచ్చి ఆటోలో తీసుకుపోయాడు. సామాను ఎక్కించడానికి మాత్రం గల్లీ మొత్తం ముందుకొచ్చింది. బిందెలు అందించారు, తాళ్లు కట్టారు, జాగ్రత్త బిడ్డా అన్నారు.

మర్నాడు కనకరాజు మూకుడు పీకేశాడు. పసిపాప, పేగులు, కూలర్ మోటారు అన్నీ మూటగట్టాడు. పరదా వెనక ఒక చిన్న గది కట్టాడు. గదిలో సీరియల్ నడుస్తున్న పాత టీవీ, దాని ముందు నేల మీద కూర్చున్న బొమ్మ ఒకటి. జనానికి వీపు పెట్టింది. గుండు తల, బనియను, భుజం మీద తువ్వాల, ముందు అన్నం కంచం, ఒక చెయ్యి టీవీ నాబ్ మీద. పక్కన ప్లైవుడ్ గోడ. గోడ వెనక స్క్రాపులో దొరికిన వైపర్ మోటారుకు చెక్క సుత్తి కట్టాడు. టక్, టక్. కాసేపు ఆగి, మళ్లీ టక్. ఓ మూల యముడూ చిత్రగుప్తుడూ ఊరికే నిలబడి ఉంటారు.

"అన్నా, రక్తమేది?" అన్నాను. "జనం మనల్ని తంతరు."

"ఎవని ఒంటికి పెట్టాల్నో సమజైతలేదు తమ్మీ. నువ్వు బకెట్ పట్టు."

ఆ ఏడు తెలంగాణ ఉద్యమం జోరు మీదుంది. అప్పటిదాకా పద్యనాటకం భాష మాట్లాడిన మా యముడు కూడా మన భాషకు దిగాడు.

"వీడేం జేసిండు?" అంటాడు యముడు.

"ఏం జెయ్యలేదు ప్రభూ" అంటాడు చిత్రగుప్తుడు.

"ఏం జెయ్యకుంటె గిక్కడెందుకున్నడు?"

దానికి చిత్రగుప్తుడి జవాబు లేదు. టక్, టక్ అని గోడ వినిపిస్తుంది. సీడీ మళ్లీ మొదటికొస్తుంది.

మొదటి సాయంత్రం పిల్లలకు కోపమొచ్చింది. "ఇదేం నరకం? మా ఇల్లు లెక్కనే ఉన్నది" అని ఒకడు బుంగమూతి పెట్టి వెళ్లిపోయాడు. పెద్దవాళ్లు మాత్రం కదలరు. లైను ముందుకు పోదు. ఐస్‌గోలాలు చేతుల్లో కరిగి మోచేతుల దాకా కారుతున్నాయి. మహిపాల్ నవ్వేవాడి కోసం మొహం మొహం వెతికాడు. ఒక్కడూ దొరకలేదు. కాసేపు గోడ చప్పుడు విని, తనే బయటికి పోయి సిగరెట్ ముట్టించాడు.

అసలు తమాషా మర్నాడు మొదలైంది. రిటైరైన కండక్టరు సాంబయ్య, అసోసియేషన్‌లో పెద్దమనిషి, పొద్దున్నే కనకరాజు ఇంటి మీదికొచ్చాడు.

"ఏం రా కనకా, నా గుండు తీస్కపోయి నరకంల పెడ్తవా?"

"నీ గుండు గాదు బాబాయ్. షాపు బొమ్మకు జుట్టుండదు."

"గల్లీల గసొంటి గుండు ఇంకెవనికున్నదిరా?"

ఆయన అరుస్తుండగానే ఎల్ఐసీ ఏజెంట్ ఉమామహేశ్వర్ వచ్చాడు. నిండుగా జుట్టున్న మనిషి.

"ఆయన గాదు, నేను! గా నీలిగీతల తువ్వాల నాది. అందరికీ తెలుసు."

"నీకు జుట్టున్నది గదన్నా!" అన్నాడు కనకరాజు.

"రేపు ఊడదా? నన్ను జూసే జేసినవ్."

ఇద్దరూ బొమ్మ నాదంటే నాదని కొట్టుకునే దాకా వచ్చారు. ఉమామహేశ్వర్ భార్య త్రివేణి గుమ్మంలోంచే తీర్పు చెప్పింది. "మా ఆయన గాదు. మాది ఫ్లాట్ టీవీ." ఆ మాటకు ఉమామహేశ్వర్ ఊపిరి పీల్చుకోబోయి, అందరూ తన వైపే చూస్తున్నారని గమనించి ఆగిపోయాడు.

అలా వారం తిరిగేలోపు గల్లీలో సగం మంది మగవాళ్లు ఆ ఒక్క వీపును తమదన్నారు. కొందరు ఆడవాళ్లు నాబ్ మీది చెయ్యి తమదేమోనని అనుమానపడ్డారు. మహిపాల్ మీద ఒత్తిడి పెరిగింది. ఒక సాయంత్రం హారతి అవగానే మండపం ముందే మీటింగ్ పెట్టాడు.

"కనకన్నా, ఎవ్వడు నవ్వలే. నీ మాట నిలబెట్టుకున్నవ్. కని జనానికి మనసు మంచిగుంటలేదు. గా గది తీసెయ్. బోర్డు ఉంచుకో."

"గది తీసేస్తె బోర్డు దేనికి మహీ?"

"గట్లయితె రెండు పోతయ్."

కనకరాజు బోర్డు వైపు చూశాడు. బల్బులు ఎర్రగా, పచ్చగా పరుగెడుతున్నాయి. ఉంచుకుంటాను అంటాడనే అనుకున్నాను.

అప్పుడే లైనులో వెనక నుంచి గుసగుసలు ముందుకొచ్చాయి. జనం పక్కకు జరిగారు. దుర్గాభవాని. ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర కుట్టు యూనిట్‌లో పనిచేస్తోందట. తోటి పనివాళ్లతో వినాయకులను చూడ్డానికి వచ్చింది. కొంచెం లావైంది. గణపతికి దండం పెట్టుకుని నరకం ముందుకొచ్చింది. బొమ్మ వీపునూ గోడనూ చూసింది. మా బకెట్ గొంతులు రెండుసార్లు విన్నది.

"ఎవరు జేసిన్రు?" అంది.

కనకరాజు చెయ్యెత్తాడు, బడిలో పిల్లాడిలా.

"సౌండు గింతేనా అన్నా? గప్పుడు గింత తక్కువ లేకుండె. పెంచున్రి."

కనకరాజు లోపలికి పోయి బొమ్మ చేతిని పక్కకు జరిపి నాబ్ తిప్పాడు. "ఇంక" అంది ఆమె. తిప్పాడు. "ఇంక." సీరియల్ ఏడుపు గల్లీ దాటి మెయిన్ రోడ్డు దాకా పోయింది. గోడ చప్పుడు వినబడటం ఆగిపోయింది. సుత్తి మాత్రం ఆడుతూనే ఉంది.

"ఆఁ, గింత" అంది. ప్రసాదం తీసుకుంది. పులిహోర బాగుందని ఇంకో దొన్నె అడిగి తీసుకుని, స్నేహితురాళ్లతో కలిసి వెళ్లిపోయింది.

గది తీసేయమని ఆ తర్వాత ఎవరూ అనలేదు. నిమజ్జనం దాకా అదే సౌండుతో నడిచింది.

మరుసటి ఏడు మహిపాల్ తనే షెడ్డుకొచ్చాడు, రెండు డబ్బాల ఎర్రరంగుతో.

"కనకన్నా, నరకం నీదే. బోర్డు ఇంక పెద్దగ రాపిస్త. కని జర రక్తం పెట్టు. రంపంతోని కొయ్యి, నూనెల ఎయ్యి, ఏమన్న జెయ్యి. మస్తు రక్తం పెట్టు."

"పోరగాండ్లు నవ్వుతరు మహీ."

"నవ్వనియ్యన్నా. నవ్వితెనే మంచిగుంటది."

కనకరాజు స్ప్రే గన్ తుడిచి పక్కన పెట్టాడు. తర్వాత డబ్బాలు వెనక్కి జరిపాడు. "గుహకే చెప్పుకోపో" అన్నాడు. నరకం ఆగిపోయింది. బోర్డు సూర్యకళ బాత్రూం తలుపుకు అడ్డం పెట్టింది. గుహ వచ్చింది, చల్లగా ఉంది, జనం దండం పెట్టుకుని హాయిగా ఇంటికి పోయారు. కనకరాజు లైనులో నిలబడి చూసి, మంచుకు రెండో కోటింగ్ పడలేదని ఒక్క మాట అన్నాడు.

గుహ ఇంకా ఉండగానే, పక్క పోర్షన్‌లోకి కొత్త జంట దిగింది. పెళ్లై ఏడాది కూడా కాలేదు. ఒక సాయంత్రం సీరియల్ వేళకు లోపల ధన్ మని చప్పుడైంది. నిమిషంలో వాళ్ల గుమ్మం ముందు పదిమంది పోగయ్యారు. సాంబయ్య చేతికర్రతో, ఉమామహేశ్వర్ తువ్వాలతో, త్రివేణి రిమోట్ చేతిలోనే పట్టుకుని. కుర్రాడు తలుపు తీసి బెదిరిపోయాడు.

"ఏమైందన్నా?"

"ఏం లే. సౌండొచ్చింది" అన్నాడు సాంబయ్య.

"గిన్నె పడ్డదన్నా."

"నువ్వు గాదు. ఆమెను చెప్పనియ్."

ఆ అమ్మాయి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నిజంగ గిన్నెనే పడ్డది బాబాయ్." ఎవరూ కదల్లేదు. లోపలికి పోయి గిన్నె తెచ్చి చూపించింది. గిన్నె చేతులు మారింది. చివరికి కనకరాజు దాన్ని తిప్పి, సొట్టను బొటనవేలితో నొక్కి, పొయ్యి మీంచి పడ్డదేనని ఖాయం చేశాకే సాంబయ్య కర్ర దించాడు.