బెల్లం కొట్టిన కేజీ రాయి

2015 జూన్ 8, సోమవారం నాడు నేను విజయనగరంలో తూనికలు కొలతల శాఖ ఇన్‌స్పెక్టరుగా చేరాను. అంతకుముందు తొమ్మిదేళ్లు శ్రీకాకుళం జిల్లాలో ఇదే పని చేశాను. పదవీ విరమణకు ఇంకా మూడేళ్ల ఏడు నెలలు ఉంది.

మా పని చెప్పడానికి చాలా చిన్నది. అమ్మేవారి తూకం సరిగ్గా ఉంటే ముద్ర వేస్తాం. లేకపోతే ఆ రాయినో కాటానో స్వాధీనం చేసుకొని కేసు రాస్తాం. ఇనుప రాళ్లకు రెండేళ్లకోసారి, ఎలక్ట్రానిక్ కాటాలకు ఏడాదికోసారి ముద్ర వేయించుకోవాలి. ఇనుప రాయికి ఒక చిన్న గుంట ఉంటుంది. అందులో సీసం పోసి బరువు సరిచేస్తారు, మా ముద్ర పడేదీ ఆ సీసం మీదే. సీసం ఊడితే బరువూ పోతుంది, ముద్రా పోతుంది.

ఆ ఏడాది ఆగస్టు 13న, మార్కెట్ వెనక వీధి చివర ఒక పెద్ద స్టోరు తెరిచారు. మూడంతస్తులు, ఏసీ, తోసుకెళ్లే బళ్లు. ఆ వీధిలో ఇరవై రెండు కొట్లున్నాయి. జనం మాట రెండు రకాలుగా ఉండేది. నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు మొదటి రోజే వెళ్లి, ఉచితంగా ఇచ్చిన ప్లాస్టిక్ బకెట్ తెచ్చుకుంది. "అక్కడ నా సేత్తో నాను తీసుకుంతాను, బేరమాడితే మొకం ముడిసేవోడు నేడు" అంది. ఆ మాటలో అబద్ధం లేదు. కొట్లవాళ్లను మండించింది మాత్రం స్టోరు గోడ మీది బోర్డు: "ఇక్కడ తూకంలో మోసం ఉండదు."

ఆగస్టు 17న ఆ వీధి నుంచి పద్దెనిమిది మంది అర్జీతో మా ఆఫీసుకు వచ్చారు. మాట్లాడింది అసిరమ్మ. చింతపండు, పప్పులు, బెల్లం అమ్మేది. శృంగవరపుకోట వైపు నుంచి వచ్చే చింతపండుకు ఆ ఊళ్లో ఆమెదే పెద్ద కొట్టు. భర్త పోయాక ఇరవై తొమ్మిదేళ్లుగా ఒక్కతే నడిపిస్తోంది.

"అమ్మా, ఆ బోర్డు సదివినారా? ఇక్కడ మోసం నేదని రాసినాడు. ఇక్కడ నేదంటే మరెక్కడున్నట్టు? మా ఈదిలోనే కదా! ఇరవై తొమ్మిదేళ్లు తూసినాను. ఒక్కరు నన్ను దొంగన్నోరు నేరు. గోడకి రంగేసి ఈడు అంటాడేటి? ఆడి తూకం సూడండి. కావాలంటే మాది ముందు సూసుకోండి, ఈదిలోనే, అందరి ముందరా!"

చివరి మాట కోపంలో అన్నది. నేను మాత్రం అర్జీ కింద ఆ మాట కూడా రాయించి, ఆమె చేత సంతకం పెట్టించుకున్నాను.

మర్నాడు ఉదయం పది గంటలకు ఇత్తడి ప్రామాణిక రాళ్ల పెట్టెతో ఆ వీధికి వెళ్లాను. ఈ రాళ్లను చేత్తో ముట్టుకోం, గుడ్డతో పట్టుకుంటాం. చేతి చెమట కూడా వాటి బరువును మారుస్తుంది. అసిరమ్మ కొట్టు ముందు ఎవరో బల్ల వేశారు. వీధంతా గుమిగూడింది. అర కేజీ సరిపోయింది. రెండు కేజీలు సరిపోయింది. కేజీ రాయి పెట్టగానే త్రాసు మా ఇత్తడి రాయి వైపుకు ఒరిగింది. తిప్పి చూస్తే గుంటలో సీసం సగానికి పైగా లేదు. ముద్ర ఆనవాలు కూడా లేదు. తరుగు పదకొండు గ్రాములు.

ఈ రాయితో ఏం చేస్తావని అడిగాను. ఆమె జవాబు చెప్పే లోపే పక్కన ఉల్లిపాయలమ్మే సన్యాసిరావు అందుకున్నాడు. "ఏటి సేస్తాదమ్మా, బెల్లం దిమ్మ కొడతాది! సుత్తి కొనుక్కోవే అప్పా అని ఎన్నిసార్లు సెప్పినానో!"

కొందరు నవ్వారు. అసిరమ్మ నవ్వలేదు.

"కొసరెయ్యకుండా నానెవరికైనా ఇచ్చినానా? ఇక్కడున్నోల్లని అడగండి" అంది.

తూకం అయ్యాక పైన వేసే పిడికెడే కొసరు. అది ఎంత ఉంటుందని అడిగాను.

"గుప్పెడు."

"గుప్పెడంటే ఎన్ని గ్రాములు?"

"మనిసిని బట్టి."

చట్టంలో మనిషిని బట్టి అనే లెక్క లేదని చెప్పాను. అర్జీ పట్టుకొచ్చిన మనిషి మీదే ముందు కేసు రాయబోతున్నానని వీధికి అర్థమైంది. వెనకనుంచి ఎవరో, ఈవిడ స్టోరువాళ్ల మనిషేనని గొణిగారు. వదిలేయడం నాకు తేలిక. సాయంత్రం ఆఫీసుకు పంపిస్తే సీసం పోయించి ముద్ర వేసి ఇస్తానంటే, అడిగేవారు లేరు. కాని అంతమంది ముందు తూచిన రాయి అది.

"రాయండి" అంది అసిరమ్మ. "ఎలాగూ రాస్తారు. రాసింది గట్టిగా సదవండి. ఈదంతా ఇనాల. ఆనక అటెల్లండి, అక్కడా ఇంతే గట్టిగా సదవండి."

పంచనామా రాసి, చదివి, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు చేయించి, రాయి స్వాధీనం చేసుకున్నాను. కాగితం మీద వేసిన సమయం పది గంటల నలభై నిమిషాలు.

స్టోరుకు వెళ్లేసరికి పదకొండు. మేనేజరు మర్యాదస్తుడే. ప్రారంభపు ఆఫర్లు ఆదివారం దాకా ఉన్నాయని, జనం ముందు కాటాలు పరీక్షిస్తే లేనిపోని అనుమానం వస్తుందని, సోమవారం రమ్మని అడిగాడు. తూకం మాట గోడెక్కించింది మీరే కదా, చూపించడానికి మొహమాటమెందుకని అడిగాను. అతను పక్కకు తప్పుకున్నాడు.

అమ్మకపు కాటాలు తొమ్మిదీ సరిగ్గా ఉన్నాయి. వాటికి ముద్రలూ ఉన్నాయి. ఆ సంగతి అలాగే రాశాను. తర్వాత వెనక గదికి వెళ్లాను. కందిపప్పు అర కేజీ పొట్లాలు కట్టేది అక్కడే. పొట్లాన్ని కవరుతో సహా కాటా మీద పెట్టి, ఐదు వందల గ్రాములు చూపగానే సీలు వేస్తున్నారు. ముందు ఖాళీ కవరు పెట్టి కాటాను సున్నాకు తేవాలి. ఆ పని ఎవరూ చేయలేదు.

ముప్పై రెండు పొట్లాలు తీసి, విప్పి, పప్పు మాత్రమే తూచాను. ఒక్కో పొట్లంలో కొంత తేడాను చట్టం ఒప్పుకుంటుంది. అన్నీ ఆ హద్దులోనే ఉన్నాయి. కాని మొత్తం సగటు, పొట్లం మీద రాసిన బరువుకు తగ్గకూడదు. ఇక్కడ సగటున ఆరు గ్రాములు తక్కువ. ముప్పై రెండింటికి నూట తొంభై రెండు గ్రాములు. అంత మేరకు జనం ప్లాస్టిక్‌ను కందిపప్పు ధరకు కొనుక్కుంటున్నారన్న మాట. గదిలో ఉన్న నాలుగు వందల పదకొండు పొట్లాలూ స్వాధీనం చేసుకున్నాను. పంచనామా చదివేటప్పుడు వెనక గది తలుపు తెరిచే ఉంచమన్నాను. అసిరమ్మకు మాట ఇవ్వలేదు. అయినా గట్టిగానే చదివాను.

వారం తిరక్కుండా స్టోరు తరఫున నా మీద పై అధికారికి ఫిర్యాదు వెళ్లింది. నేను కొట్లవాళ్లతో కుమ్మక్కై, వారి అర్జీ పట్టుకొని, వారిని వదిలి, స్టోరును మాత్రమే పట్టుకున్నానని దాని సారాంశం. సంజాయిషీ అడిగారు. నేను పేజీలు నింపలేదు. అసిరమ్మ మీద రాసిన పది గంటల నలభై నిమిషాల పంచనామా నకలు జతచేసి, దాని కింద మూడు వాక్యాలు రాశాను. ఆ ఫైలు అక్కడితో మూసేశారు. స్టోరు కోర్టుదాకా పోకుండా తప్పు ఒప్పుకొని, రుసుము కట్టింది. అసిరమ్మా కట్టింది.

ఈలోగా అసిరమ్మ కొట్టుకు బేరాలు తగ్గాయి. 'తరుగు రాయి' అని దారిన పోయేవాళ్లు ఎత్తిపొడిచేవారు. సెప్టెంబరులో తనిఖీకి వెళ్లినప్పుడు చూశాను. త్రాసు పక్కన కొత్త కేజీ రాయి, బెల్లానికి కొత్త సుత్తి ఉన్నాయి. పైన మేకుకు అద్దం పటం కట్టించి రుసుము రసీదు వేలాడదీసింది.

"ఏటప్పా, తప్పు సేసి పటం కట్టించుకుంతారేటి ఎవులైనా?" అని సన్యాసిరావు ఆట పట్టిస్తున్నాడు.

"నాది నాను కట్టించుకున్నానురా సన్నాసీ. ఆడిది ఆణ్ని కట్టించుకోమను, సూద్దాం!"

స్టోరువాళ్లు పటం కట్టించలేదు. దసరాకు ముందే ఆ బోర్డు తీసేసి బియ్యం ధర రాశారు. స్టోరు బాగానే నడిచింది. 2019 జనవరి 31న నేను రిటైరయ్యే నాటికి ఆ వీధిలో ఇరవై రెండు కొట్లలో ఆరు మూతపడ్డాయి. అసిరమ్మది వాటిలో లేదు. పటం అక్కడే ఉండేది. పిడికెడు కొసరు వేయడమూ ఆమె మానలేదు. అది ఎన్ని గ్రాములని నేను మళ్లీ అడగలేదు.

ఆ ఆగస్టు తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. ఎవరు ఎవరి మీద అర్జీ తెచ్చినా, ముందు అర్జీ తెచ్చినవారి రాళ్లు అందరి ముందూ తూచేదాన్ని. కొందరు అర్జీ వెనక్కి తీసుకునేవారు. తీసుకోనివారి కోసం ఎంత పెద్ద గుమ్మమైనా ఎక్కాను. ఆ కేసుల్లో ఒక్కటీ కొట్టుడుపోలేదు.