బావ భాగించిన సంఖ్య

నిన్న మా హఫీజ్‌పేట్ అపార్ట్‌మెంటు గేటు దగ్గర, వచ్చేపోయేవాళ్లకు వరుస నంబరు చూపించే యంత్రం తెర మీద 2147483647 అని కనిపించి ఎంతకీ కదలలేదు. "పొద్దటిసంది గిదే చూపిస్తుంది సార్, ఏందో సమజైతలేదు" అని కాపలా మనిషి తల గోక్కుంటుంటే ముందు నవ్వొచ్చింది, వెంటనే దిగులేసింది. అది మా బావ సంఖ్య.

బావ అంటే అక్క భర్త. కడప వైపు డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. పిల్లలంతా కంప్యూటరు చదువులకు ఎగబడి ఆయన తరగతి ఖాళీ అయ్యాక, నడివయసులో ప్రోగ్రాములు రాయడం నేర్చుకుని హైటెక్ సిటీలో నా పక్క సీట్లోనే ఉద్యోగానికి చేరాడు. ఒకసారి మా ప్రోగ్రాములో లెక్కింపు ఆ సంఖ్య దాకా వచ్చి, ఉన్నట్టుండి మైనస్‌లోకి దూకింది. మేమంతా తలలు పట్టుకుంటే బావ ముఖం మాత్రం వెలిగిపోయింది. ముప్పై ఒక్క రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య అదనీ, యంత్రం గిన్నెలో అంతకు మించి పట్టదనీ, పైగా అది ప్రధాన సంఖ్య గనక ఒకటీ తానూ తప్ప ఇంకేదీ దాన్ని శేషం లేకుండా భాగించలేదనీ, ఆ సంగతి కంప్యూటర్లు లేని కాలంలోనే ఒక మహానుభావుడు చేత్తో తేల్చాడనీ చెప్పాడు.

తానూ చేత్తోనే తేల్చాలని ఆయనకు పట్టుదల పుట్టింది. రోజూ లోకల్ రైల్లో, పనికిరాని ప్రింటు కాగితాల వెనక భాగహారాలు చేసేవాడు. నలభై ఆరు వేల పైచిలుకు దాకా, అదీ అరవై రెండుతో భాగిస్తే ఒకటి మిగిలే ప్రధాన సంఖ్యలను చూస్తే చాలట. శేషం మిగిలిన ప్రతిసారీ, కొడుకు పరీక్ష గట్టెక్కిన తండ్రిలా మీసం దువ్వుకునేవాడు. ఆయన పాత బతుకులో మిగిలింది ఆ కాస్త రైలు ప్రయాణమే.

ఆయన పుట్టినరోజుకు మా టీమ్ పిల్లలు కేకు తెచ్చి, పెద్దాయన కష్టం చూడలేక నాలుగు వరుసల ప్రోగ్రాము రాసి మీట నొక్కారు. కేకు ముక్క నోట్లోకి వెళ్లేలోపే, ప్రధాన సంఖ్యేనని తెర మీదికి వచ్చేసింది. అందరం చప్పట్లు కొట్టాం, బావ కూడా కొట్టాడు. మరునాడు రైల్లో ఆయన చేతిలో కాగితం లేదు. ఎందుకని అడిగితే కిటికీలోంచి చూస్తూ అన్నాడు:

"జవాబు నాకు ముందే తెలుసులేప్పా. ఇట్ల చేసుకుంటా పోతాంటే బాగుండె."

ఆ తర్వాత లెక్కల మాటే ఎత్తలేదు. రిటైరయ్యాక టీవీ ముందు కూర్చున్న మనిషి, అలాగే ఒకనాడు వెళ్లిపోయాడు. ఆ పిల్లల్ని ఏమనగలం, వాళ్లది ప్రేమే. పని ఎంత తొందరగా తెమిలితే అంత మేలనే నేర్పించారు మాకందరికీ.

ఇప్పుడు అడగకముందే జవాబులు వచ్చి పడుతున్నాయి. ఇవాళ ఊరికే బోరబండ దాకా రైలెక్కి, ఒక పాత రసీదు వెనక ఆ సంఖ్యను మూడు వందల పదకొండుతో భాగించాను. ముప్పై అయిదు మిగిలింది. తప్పో ఒప్పో ఫోను క్షణంలో చెబుతుంది, కానీ నాకు చెప్పవలసింది బావ.