రష్యా పిల్ల కోసం ఏడ్చిన ఆదివారం

అరబ్బుల దేశంలో, ఇంటర్నేషనల్ సిటీ అనే పేటలో ఒక ఫ్లాటు అద్దెకు తీసుకుని, ప్లైవుడ్ అడ్డాలు కట్టి, మంచానికొకరి చొప్పున మమ్మల్ని అద్దెకు పెట్టుకుంది, మేమంతా అక్కా అని పిలిచే ఆమె. ఇళ్లలో పనిచేసే మాకు ఆదివారం సెలవు. ఎండుచేపల పులుసు ఉడుకుతుండగా అక్క ఒక పాత ఫ్రెంచి నవల తెలుగు అనువాదం పైకి చదివేది. అమ్మానాన్నా లేక మేనత్త పంచన పడిన రష్యా పిల్ల కథ. అక్కది వెన్నలాంటి మనసు, పుస్తకాల్లోని మనుషుల విషయంలో.

వంటగది పక్క అడ్డం వెనక నిజంగానే ఒక రష్యా పిల్ల ఉండేది. కరోనా వచ్చి ఆమె పనిచేసే సెలూన్ మూసేశారు. ఒక ఆదివారం ఆ పిల్ల గట్టిగా దగ్గింది. అక్క పేజీలో కరివేపాకు రెమ్మ గుర్తు పెట్టి లేచింది.

“ఖలాస్. యల్లా, నడు బయటికి,” అంటూ ఆ పిల్ల పెట్టెను కారిడార్లోకి నెట్టింది. పిల్ల చెప్పుల కోసం వెతుక్కుంటుంటే అవీ విసిరేసి, ఆమెనూ బయటికి నెట్టి గడియ పెట్టింది. మాలో ఒకామె పులుసు కలిపింది.

అక్క చేతులు కడుక్కుని గుర్తు దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టింది. కథలో మేనత్త ఆ పిల్లను మంచులోకి గెంటేసింది. తలుపు అవతల దగ్గు ఇంకా వినిపిస్తూనే ఉంది. అక్క కొంగుతో కళ్లొత్తుకుంది.

“దీని చేతులు పడిపోను. దిక్కులేని పిల్లని గెంటడానికి మనసెలా వచ్చిందే దీనికి?”