పొగలో చుక్కల మాస్టారు

ఆయన్ని అందరూ చుక్కల మాస్టారు అనేవారు. నిజానికి ఏ బడిలోనూ ఆయన పాఠం చెప్పలేదు. నక్షత్రశాలలో ప్రొజెక్టరు నడుపుతూ, గుండ్రటి పైకప్పు మీద ఆకాశాన్ని చూపిస్తూ మైకులో వివరించడమే ఇరవై ఆరేళ్ళుగా ఆయన ఉద్యోగం. "ఏ చుక్క ఎక్కడుందో తెలుసు గానీ, కళ్ళజోడు ఎక్కడ పెట్టారో తెలీదు" అని భార్య దెప్పేది.

ఆ రోజు ఉదయం ఆటకు ఎనభై రెండు మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు వచ్చారు. పాలపుంతను చూపించి, "ఇందులో మన భూమి ఇసుక రేణువంత కూడా కాదు" అని అలవాటు కొద్దీ అంటుండగానే ఆయన ముక్కుకు కాలిన వైరు వాసన తగిలింది. ప్రొజెక్టరు అడుగు నుంచి పొగ వస్తోంది. మరుక్షణం కరెంటు పోయింది. చుక్కలన్నీ ఆరిపోయాయి.

వచ్చిన దారి ప్రొజెక్టరు పక్కనుంచే. వెనక తలుపు తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంది. "వెనక తలుపు తియ్యి. పరిగెత్తు, అరవకు" అని ఫోనులో గుసగుసగా చెప్పారు. మంట అన్న మాట వినబడితే చాలు, చీకట్లో పిల్లలు ఒకరినొకరు తొక్కుకుంటారు. 

"ఇప్పుడు మనం చంద్రుడి మీద దిగాం" అని గొంతెత్తారు. "ఇక్కడ గాలుండదు. ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకోండి. లేచి, పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోండి. నా టార్చి వెలుగు వెంట మెల్లగా రండి."

కొందరు కిసుక్కున నవ్వారు. టీచరు దగ్గింది. వెనక తలుపు అవతల తాళంచెవి గరగరలాడుతోంది గానీ తాళం రావడం లేదు.

చీకట్లోంచి ఒక పిల్ల అడిగింది: "మాస్టారూ, భూమే రేణువంత లేదన్నారుగా. మరి మేం ఇక్కడున్నామని ఎవరికి తెలుసు?"



"నాకు తెలుసమ్మా" అన్నారు. "ఎనభై రెండు మంది. ఒక్కరు తగ్గినా నేను బయటికి రాను."

తలుపు భళ్ళున తెరుచుకుంది. ఒక్కొక్క తలనూ తాకుతూ లెక్కపెట్టారు. ఎనభై ఒకటి. ఆ తర్వాత ఎవరూ రాలేదు.

"వద్దు సార్, లోపలికెళ్ళకండి!" అని వాచ్‌మన్ చెయ్యి లాగినా విదిలించుకున్నారు. పొగలో వరసల మధ్య పాకుతుంటే ఎక్కడో చిన్న దగ్గు వినిపించింది. ఆ ప్రశ్న అడిగిన పిల్లే. చెప్పు పట్టీ కుర్చీ కాలికి చిక్కుకుంది. ఒక్క గుంజు గుంజి, పట్టీ తెంపి, పిల్లను ఎత్తుకుని బయటపడ్డారు.

మంట ఆర్పేసరికి ప్రొజెక్టరు బొగ్గయింది. అంతవరకూ చెక్కుచెదరని మాస్టారు మెట్ల మీద కూలబడ్డారు. ఆ పిల్లే నీళ్ళ గ్లాసు రెండు చేతులా పట్టుకుని తాగించింది.

కొత్త యంత్రం రావడానికి ఏడు నెలలు పట్టింది. అందాకా ఆయన బడి బడికీ తిరిగారు. ఎండలో కర్ర పాతించి, జరిగే నీడ వెంట పిల్లలచేత గీతలు గీయించి, భూమి తిరుగుతోందని చూపించేవారు. వాన వచ్చి తరగతి గదిలోకి వెళ్ళాల్సి వస్తే మాత్రం తలుపు బార్లా తీయించి, గుమ్మంలోనే నిలబడి చెప్పేవారు.