డాక్టర్ ఆంటీ చదివిన కేస్ షీటు

గత నెలలో ఒక గురువారం మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "డాక్టరు గారు పోయారే. ఇప్పుడే. నేను పక్కనే ఉన్నాను" అంది. అమ్మ ఏడవలేదు. నేనే మెట్ల దగ్గరికి వెళ్లి కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చాను.

సిడ్నీ శివారు గిరావీన్‌లో మా ఎదురింటి ఆవిడ. సిడ్నీలో ముప్ఫై ఏళ్లకు పైగా పిల్లల డాక్టరుగా పనిచేశారు. మా వీధిలోని తెలుగువాళ్లందరికీ డాక్టర్ ఆంటీ. రిటైరయ్యాక ఆవిడ ఈడువాళ్లు క్రూయిజ్ ఓడలెక్కి తిరుగుతుంటే, ఈవిడ మాత్రం వారానికి రెండు రోజులు ట్రైనెక్కి ఒక పిల్లల ఆసుపత్రి పాత రికార్డుల గదికి వెళ్లేవారు. అది జీతం లేని పని. తమ వంశవృక్షం రాసుకుంటూ, చిన్నప్పుడే పోయిన ఏ పెద్దమ్మనో మేనమామనో వెతుక్కుంటూ వచ్చేవాళ్లకి అడ్మిషన్ రిజిస్టర్లు తిరగేసి పెట్టేవారు, కోడి కెలికినట్టుండే డాక్టర్ల రాత చదివి పెట్టేవారు. "ఆ రాత చదవాలంటే అలా రాసినవాళ్లే కావాలి. నాది ఇంకా ఘోరం" అని నవ్వేవారు.

ఆ గదిలోకి పెన్ను తీసుకెళ్లనివ్వరు, పెన్సిలే. అందుకని ఆవిడ కొప్పులో ఎప్పుడూ ఒక పెన్సిల్ గుచ్చి ఉండేది. గుడికి పట్టుచీర కట్టుకుని వచ్చినా సరే, పెన్సిల్ ఉండాల్సిందే. మా అమ్మాయి ఒకసారి "డాక్టర్ అమ్మమ్మా, దేరీజ్ ఎ పెన్సిల్ ఇన్ యువర్ హెయిర్" అంటే, "తెలుసులేవే. పూలైతే సాయంత్రానికి వాడిపోతాయి" అన్నారు.

మనిషి మంచిదే కానీ మాట మెత్తన కాదు. ఎవరైనా తమ తాతల గురించి కాస్త పెంచి చెబితే, "రికార్డులో ఉందా?" అని మొహం మీదే అడిగేసేవారు. ఆవిడంటే నాకు కొంచెం భయం, ఒకటి రెండు సార్లు కోపం కూడా. ఆ కోపాల్లో ఒకదాని గురించే ఇప్పుడు చెప్పాలి.

నాకొక అక్క ఉండేది. నేను పుట్టకముందే పోయింది. అప్పుడు నాన్న సిడ్నీకి చాలా దూరంలో ఒక చిన్న ఊళ్లో ఇంజినీరు. అన్నయ్య పుట్టి అయిదు రోజులైంది, అమ్మ ఇంకా పచ్చి బాలింత. రెండేళ్ల అక్కకి జ్వరం, ఫిట్స్. ఆ ఊరి డాక్టరు సిడ్నీలో పిల్లల ఆసుపత్రికి పంపించాడు. నాన్న వెంట వెళ్లి రెండు రోజులుండి, మూడో రోజు పొద్దున్నే అమ్మని తీసుకెళ్లడానికి కారులో వెనక్కి వచ్చారు. వాళ్లిద్దరూ చేరేసరికే అక్క లేదు. నాన్న ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఆయన పోయిన తర్వాతే అమ్మ నాతో అంది: "ఆఖర్న అది ఒక్కతే ఉందా, ఎవరైనా దగ్గరున్నారా? అదొక్కటి తెలిస్తే చాలే."

అమ్మ చేత సంతకం పెట్టించి అక్క రికార్డు కోసం ఆ ఆసుపత్రికి రాశాను. ఆ పేరుతో ఎవరూ చేరలేదని జవాబొచ్చింది. అమ్మ ఆ పూట అన్నం తినలేదు. "కన్నపిల్లని అసలు లేదంటారేమిటే?" అంది.

నేను రోడ్డు దాటి వెళ్లి ఆంటీతో చెప్పాను. ఆవిడ కొప్పులోంచి పెన్సిల్ తీశారు.

"మీ నాన్న ఇంటిపేరు ముందు చెప్పేవారా, వెనకా?"

"ముందే ఆంటీ."

"అదీ సంగతి. కొత్తలో మనవాళ్లందరం చేసిన తప్పే. కౌంటర్ దగ్గర అలవాటుగా ఇంటిపేరు ముందు చెప్తాం, వాళ్లు ఆఖరి మాటే సర్‌నేమ్ అనుకుంటారు. మా అబ్బాయి బడిలో ఏడాదిపాటు అలాగే ఉన్నాడు. మీ అక్క పేరునే ఇంటిపేరుగా పెట్టి వెతకమను."

అలాగే మళ్లీ రాశాను. మూడు వారాలకి అక్క కేస్ షీటున్న కవరొచ్చింది. అమ్మ దాన్ని విప్పలేదు. తిన్నగా ఆంటీ ఇంటికి పట్టుకెళ్లింది, నేను వెనకాల. ఆంటీ చేతులు కడుక్కుని, వంటింటి బల్ల దగ్గర కూర్చుని చదవడం మొదలుపెట్టారు.

"తొమ్మిది కిలోల ఎనిమిది వందల గ్రాములు. చేరినప్పటి బరువమ్మా. నేను ఎవరి షీటైనా ముందు ఇదే చూస్తాను. బరువు రాశారంటే పిల్లని ఎవరో ఎత్తుకున్నట్టే."

అమ్మ అడిగింది, "ఏడ్చిందాండీ?"

వద్దని నేను కళ్లతో సైగ చేశాను. ఆంటీ చూశారు కూడా. "ఏడ్చింది. మీ ఆయన వెళ్లాక రెండు గంటలు ఏడ్చింది. తల్లిని పిలుస్తోందని రాశారు" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఒక్క ముక్క మింగేస్తే ఏం పోయింది? ఆవిడ కాగితం తిప్పారు. ఇక్కడ రాత నర్సుదట. "మధ్యాహ్నం నర్సు ఒళ్లో కూర్చోబెట్టుకుంది. నాలుగు చెంచాల నీళ్లు తాగింది. ఒళ్లోనే నిద్రపోయింది. ఆ నిద్రలోనే పోయిందమ్మా. అప్పుడూ ఒళ్లోనే ఉంది."

అమ్మ చాలాసేపు ఏడ్చింది. ఆంటీ కాఫీ పెట్టడానికి లేచారు.

ఇంటికి వస్తూ నేను సణిగాను. అమ్మ నడక ఆపి, "ఏడవలేదని చెప్పుంటే, ఒళ్లో పడుకుందన్నది కూడా నమ్మేదాన్ని కాదే" అంది. ఆంటీ మీద నా కోపం అక్కడితో సరి.

ఈ ఏడు ఆంటీకి జబ్బు చేసి, అది ముదిరింది. ఆఖరి రోజు కబురందేసరికి కొడుకు దేశానికి అవతలి కొసనున్న పెర్త్‌లో ఉన్నాడు. దొరికిన మొదటి విమానం ఎక్కాడు. ఈలోగా అమ్మ పొద్దున్నుంచీ ఆసుపత్రిలో మంచం పక్కనే కూర్చుంది. సాయంత్రం అతనూ నేనూ ఇంచుమించు ఒకేసారి అక్కడికి చేరాం. అతను తల్లిని చూసి బయటికి వచ్చాక, అమ్మ సంచిలోంచి చిన్న నోటుపుస్తకం తీసింది. గంట గంటకీ రాసి పెట్టింది. అతను ఇక్కడే పుట్టినవాడు, తెలుగు అర్థమవుతుంది కానీ చదవడం రాదు. అందుకని వరండాలో నిలబడి అమ్మే చదివింది.

"తొమ్మిదింటికి రెండు చెంచాల కాఫీ అడిగి తాగారు. పదకొండున్నరకి నొప్పికి మూలిగారు, మందిచ్చారు."

"వాజ్ షి ఇన్ ఎ లాట్ ఆఫ్ పెయిన్, ఆంటీ?"

"పావుగంట సేపు బాధపడ్డారు నాన్నా. తర్వాత తగ్గింది. పన్నెండింటికి, వాడు ఎక్కడిదాకా వచ్చాడు అని అడిగారు. విమానంలో ఉన్నాడని చెప్పాను. ‘సరే, తొందరేం లేదని చెప్పు’ అన్నారు. ఒకటీ నలభైకి పోయారు. అప్పుడూ నా చెయ్యి పట్టుకునే ఉన్నారు."

అతను కళ్లు తుడుచుకుని, "నా గురించి అడిగింది ఏ లైన్, ఆంటీ?" అన్నాడు. అమ్మ చూపించింది. తనకు చదవడం రాని ఆ వరుస కింద వేలు పెట్టి, రెండో చేత్తో ఫోన్ తీసి, ఆ ఒక్క వరుసకే ఫోటో తీసుకున్నాడు.